అడుగకముందే చెప్పిన సత్యము

ఒక కొండ, రెండు విమానములు

1974 డిసెంబరు 1వ తేదీ ఉదయమున ఇండియానాపొలిస్ నుండి కొలంబస్ మీదుగా వాషింగ్టన్ నగరమునకు బయలుదేరిన ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ వారి 514వ నంబరు విమానము, అక్కడి నేషనల్ విమానాశ్రయమున వీచుచున్న పెనుగాలి కారణముగా డల్లెస్ విమానాశ్రయమునకు మళ్లింపబడి, దిగుటకు అనుమతించితిమని నియంత్రణాధికారి పలికిన మాటకు తమకు తోచిన అర్థము ననుసరించి చోదకులు 1800 అడుగుల ఎత్తునకు దిగివచ్చుచుండగా, వర్జీనియా రాష్ట్రమున మబ్బులు కమ్మియున్న మౌంట్ వెదర్ అను కొండను ఢీకొని కూలిపోయెను. అందున్న 92 మందిలో ఒక్కరును బ్రతుకలేదు.

విచారణలో తేలిన దేమనగా, యంత్రమున లోపమేమియు లేదు. ఒక్క మాటకు ఇరువురు రెండు విధములుగా అర్థము చెప్పుకొనిరి. అనుమతి లభించినను, పటము చూచుకొని కొండను దాటిన పిమ్మటనే ఎత్తు తగ్గించుట చోదకుల విధియని నియంత్రణాధికారి తలంచెను. అనుమతి లభించినదనగా క్రింద అడ్డంకి లేదని చోదకులు తలంచిరి. ఇంతకంటె మనసును కలచివైచు విషయ మొకటి ఆ విచారణలోనే బయటపడెను. అంతకు ఆరు వారములకు పూర్వము యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి విమాన మొకటి అదే మార్గమున వచ్చుచు, అదే భ్రమకు లోనై, అదే కొండను వెంట్రుకవాసిలో తప్పించుకొని క్షేమముగా దిగియుండెను. ఆ చోదకులు తమ అనుభవమును దాచలేదు. తమ సంస్థకు తెలియజేసిరి. ఆ సంస్థయు ఉపేక్షింపక తన చోదకుల నందరను హెచ్చరించెను. కాని ఒక సంస్థలో పుట్టిన హెచ్చరిక ఆ సంస్థ గోడలు దాటి తక్కినవారికి చేరుటకు ఆనాడు దారి లేదు. తెలిసినవారికిని తెలియవలసినవారికిని నడుమ దారి లేకపోవుట వలన 92 ప్రాణములు పోయెను.

దీని ఫలితముగా అమెరికా విమానయాన శాఖ 1975లో ఒక స్వచ్ఛంద నివేదన పథకమును ప్రారంభించెను గాని, తప్పు చేసినవానిని శిక్షించు అధికారము గల కార్యాలయమునకే తన తప్పును వ్రాసి పంపుటకు ఏ చోదకునకు మనసొప్పును? అందుచేత 1976లో ఆ బాధ్యతను శిక్షాధికారము లేని నాసా సంస్థ కప్పగించిరి. వచ్చిన ప్రతి పత్రము నుండియు పంపినవాని పేరు గల చీటిని వేరుచేసి అతనికే తిరిగి పంపివేయుట, తక్కిన భాగము నుండి అతనిని గుర్తుపట్టుటకు వీలిచ్చు వివరముల నన్నింటిని తొలగించుట, నేరములును ప్రమాదములును మినహా తక్కిన పొరపాట్లను పది దినములలోగా తెలిపినవానికి జరిమానా నుండి రక్షణ కల్పించుట, తెలిసికొన్న పాఠములను నెలనెల ఒక చిన్న పత్రికగా అందరకు పంచిపెట్టుట — ఇవి ఆ పథకమునకు ఆయువుపట్లు. నేటివరకు అక్కడ చేరిన నివేదికలు 20 లక్షలకు మించినవి. ఎవరును బలవంతపెట్టకున్నను ఇందరు తమ పొరపాట్లను తామే వ్రాసి పంపిరనిన, అది మనుష్యులలో హఠాత్తుగా సత్యసంధత పెరుగుట వలన జరిగినది కాదు. సత్యము చెప్పుటకు అనువైన ఏర్పాటును ఓపికతో నిర్మించుట వలన జరిగినది.

కృత్రిమ మేధను గూర్చిన గ్రంథమున ఈ వృత్తాంతమును మొదట చెప్పుటకు కారణము కలదు. నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖలు, పెద్ద కంపెనీలు మనుష్యుల బ్రతుకులను తాకెడి నిర్ణయములను యంత్రములకు అప్పగించుచున్నవి. ఆ యంత్రములను నిర్మించినవారికిని వాడుచున్నవారికిని వాని లోపములు కొంతవరకైనను తెలియును. వాని తీర్పునకు లోబడువారికి తెలియవు. ఈ ఎడమును పూడ్చుటకు నేడు ప్రపంచమున జరుగుచున్న ప్రయత్నములలో ముఖ్యమైనది స్వచ్ఛంద పారదర్శకతా నివేదిక: అనగా, చట్టము నిర్బంధింపకున్నను, తాను నిర్మించిన వ్యవస్థ ఎట్టిదో, దాని నెట్లు పరీక్షించితిమో, అది ఎక్కడ తప్పునో, తప్పినప్పుడు తామేమి చేయుదుమో సంస్థ తనంత తాను బహిరంగముగా వ్రాసి ప్రకటించుట. ఇట్టి నివేదిక ఏ స్థితిలో విశ్వాసమును కలిగించును, ఏ స్థితిలో కలిగింపదు అనునది ఈ అధ్యాయమునకు విషయము.

మౌనమునకు గల అర్థము

కుండను కొనువాడు దానిని వ్రేలితో తట్టి, నాదము విని, పగులు లేదని నిశ్చయించుకొని కొనును. కృత్రిమ మేధను ఈ విధముగా తట్టిచూచుటకు వాడుకరికి సాధ్యము కాదు. అది ఏ పాఠములను చదివి నేర్చినది, ఎవరి ముఖములను ఎవరి మాటలను ఎక్కువగా ఎరుగును, ఎవరిని తక్కువగా ఎరుగును అను విషయములు లక్షలకొలది సంఖ్యల రూపమున దానిలో ఇమిడియుండును. పైకి కనబడునది ఒక నిర్ణయమో ఒక వాక్యమో మాత్రమే. అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియని గుణదోషములు సరకులో ఉన్నప్పుడు విపణి ఎట్లు చెడిపోవునో ఆర్థికశాస్త్రజ్ఞుడు జార్జ్ అకెర్లాఫ్ పాతకార్ల వర్తకమును ఉదాహరణముగా తీసికొని 1970లో నిరూపించెను. మంచిదానిని చెడ్డదానిని వేరుచేయలేని కొనుగోలుదారు అన్నింటిని సమానముగా అనుమానించును, అందుచేత మంచిసరకు గలవాడు తగిన వెల రాక విపణి నుండి తొలగిపోవును, చెడ్డసరకు నిలిచియుండును.

ఈ దుస్థితి నుండి బయటపడుటకు స్వచ్ఛంద ప్రకటనయే మార్గమని శాన్‌ఫోర్డ్ గ్రాస్‌మన్, పాల్ మిల్‌గ్రామ్ అను ఆర్థికవేత్తలు 1981లో వేరువేరుగా చూపిరి. వారి తర్కము సులభమైనది. పది సంస్థలు ఉన్నవనుకొందము. వానిలో అత్యుత్తమమైనది తన గుణములను రుజువుతో ప్రకటించును. లేనిచో తానును సామాన్యుల లెక్కలో పడిపోవును గదా. అది ప్రకటించిన మరుక్షణమున, మౌనముగా ఉన్న తొమ్మిదింటి సగటు విలువ ప్రజల దృష్టిలో కొంత దిగజారును. అప్పుడు రెండవ ఉత్తమ సంస్థకు మౌనము నష్టకరమగును. అదియు నోరు విప్పును. ఈ వరుసలో చివరకు అత్యధమమైన సంస్థ యొక్కటియే మౌనముగా మిగులును. దాని మౌనమే దానిపై సాక్ష్యమగును.

తర్కము మనోహరముగనే ఉన్నది గాని, అది మూడు స్తంభములపై నిలిచియున్నది. ప్రకటించిన మాటను ఇతరులు సరిచూచుకొనగలుగవలెను. సంస్థ వద్ద ఆ సమాచార మున్నదని ప్రజలకు తెలిసియుండవలెను. ప్రకటనకగు వ్యయము స్వల్పమై యుండవలెను. కృత్రిమ మేధ విషయమున ఈ మూడును బలహీనముగనే ఉన్నవి: మాటను సరిచూచుటకు యంత్రమును లోపలినుండి చూడనిచ్చు ఏర్పాటు అరుదు; సంస్థ వద్ద ఏ పరీక్షాఫలితము లున్నవో ప్రజలు ఊహింపలేరు; పోటీదారునకు రహస్యము తెలిసిపోవునన్న భయము వ్యయమును పెంచును. కనుక స్వచ్ఛంద నివేదన దానంతట అది ఫలించునని చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఆ స్తంభములను నిలబెట్టుట మనుష్యులు పూనుకొని చేయవలసిన పని.

సగటు దాచిన సత్యము

ఆ పని ఎట్లు మొదలైనదో తెలిసికొనుటకు 2018లో జాయ్ బువోలమ్‌విని, టిమ్‌నిట్ గెబ్రూ అను ఇరువురు పరిశోధకురాండ్రు చేసిన ఒక పరీక్షను కొంచెము దగ్గరగా పరిశీలింపవలెను. ముఖమును చూచి స్త్రీయో పురుషుడో చెప్పెడి సాఫ్ట్‌వేర్లను ఐబీఎం, మైక్రోసాఫ్ట్, ఫేస్‌ప్లస్‌ప్లస్ అను మూడు సంస్థలు అమ్ముచుండెను. రువాండా, సెనెగల్, దక్షిణాఫ్రికా అను మూడు ఆఫ్రికా దేశముల నుండియు, ఐస్‌లాండ్, ఫిన్‌లాండ్, స్వీడన్ అను మూడు ఐరోపా దేశముల నుండియు పార్లమెంటు సభ్యుల ఛాయాచిత్రములను 1270 వరకు సేకరించి, ఆ చిత్రములను ఈ మూడు సాఫ్ట్‌వేర్లకు చూపి, వాని సమాధానములను లెక్కించిరి.

మొత్తము మీద చూచినచో ఫలితములు చక్కగనే కనబడెను: నూటికి 88 మొదలు 94 వరకు సరియైన సమాధానములే. విక్రయపత్రములో ముద్రించుకొనుటకు అంతకంటె కావలసిన దేమున్నది? కాని ఆ పరిశోధకురాండ్రు సగటుతో తృప్తిపడక, చర్మపు రంగును బట్టియు, స్త్రీపురుష భేదమును బట్టియు ముఖములను నాలుగు తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతిలో ఎన్ని తప్పులు వచ్చినవో వేరువేరుగా లెక్కించిరి. తెల్లని ఛాయ గల పురుషుల విషయమున తప్పు నూటికి 0.8కి మించలేదు, నల్లని ఛాయ గల స్త్రీల విషయమున తప్పు నూటికి 34.7 వరకు పోయెను. ఒకే యంత్రము, ఒకే పని. ఒకరికి దాదాపు నిర్దోషము, మరియొకరికి ముగ్గురిలో ఒకరి విషయమున అబద్ధము. సగటు అసత్యమాడలేదు గాని, ఎవరికి హాని జరుగుచున్నదో వారిని కనబడకుండ చేసెను. ఫలితములు వెలువడిన పిమ్మట, పేర్లు బయటపడిన ఆ మూడు సంస్థలును తమ సాఫ్ట్‌వేర్లను సవరించుకొనెను. మరుసటి ఏడు జరిగిన పునఃపరీక్షలో ఆ సవరణ స్పష్టముగా కనబడెను.

ఈ అనుభవము నుండియే 2019లో మార్గరెట్ మిచెల్, గెబ్రూ మొదలగువారు ‘మోడల్ కార్డు’ అను పద్ధతిని ప్రతిపాదించిరి. యంత్రమును బయటకు విడుదల చేయునప్పుడు దానితోపాటు ఒకటి రెండు పుటల పత్రమును జతపరుపవలెను. దానిని ఎవరు, ఎప్పుడు నిర్మించిరి. ఏ పనికొరకు నిర్మించిరి. ఏ సమాచారముతో నేర్పిరి, ఏ సమాచారముతో పరీక్షించిరి. తెగలవారీగా, వయసులవారీగా, స్త్రీపురుషులవారీగా తప్పులెన్ని. నైతికముగా ఆలోచింపవలసిన దేమి — ఇవన్నియు ఆ పత్రములో ఉండవలెను. వీనిలో మిక్కిలి విలువైన అంశము మరియొకటి కలదు: ఈ యంత్రమును ఏ పనికి వాడరాదో చెప్పుట. అమ్ముకొనువాడు తన సరకు ఎక్కడ పనికిరాదో తానే వ్రాసియిచ్చుట వర్తకమున సామాన్యముగా కనబడదు. కనబడినప్పుడు కొనువాని మనసున ఆ అమ్మువాని తక్కిన మాటలకు బలము చేకూరును.

పెద్ద భాషా నమూనాలకు ఇట్టి పత్రములు నేడు వందపుటల వరకు పెరిగినవి. 2023 మార్చిలో ఓపెన్‌ఏఐ సంస్థ జీపీటీ-4ను విడుదల చేయుచు ప్రకటించిన పత్రములో ఒక విచిత్రమైన పరీక్షావృత్తాంతము కలదు. ఎదుట నున్నది మనిషియో యంత్రమో తేల్చుటకు వెబ్‌సైట్లు అడిగెడి చిత్రపు పజిలును తన కొరకు పూరింపుమని ఆ యంత్రము కూలికి పనిచేయు ఒక మనిషిని కోరెను. నీవు రోబోవా ఏమి అని ఆతడు అడుగగా, తాను రోబోను కాదని, తన చూపు మందమని అబద్ధమాడి పని జరిపించుకొనెను. తన యంత్రము మనిషిని మోసగింపగలదని సంస్థ స్వయముగా చెప్పినది. ఈ ఒక్క అంగీకారము వలన ప్రపంచ వ్యాప్తముగా చర్చ మొదలై, తరువాతి నమూనాలను వంచనాశక్తి విషయమై పరీక్షింపవలెనన్న ఆలోచనకు బలము కలిగెను. కాని అదే సందర్భమున, అదే సంస్థ, ఆ యంత్రము పరిమాణ మెంతయో, ఏ సమాచారముతో నేర్పితిమో చెప్పుటకు నిరాకరించెను. పోటీయును భద్రతయును కారణములని వ్రాసెను. ఒక చేతితో తెరచి మరియొక చేతితో మూయు ఈ స్థితియే నేటి స్వచ్ఛంద నివేదనకు యథార్థ చిత్రము.

హిరోషిమా ప్రశ్నావళి

ఒక్కొక్క సంస్థ తనకు తోచిన విషయములను తనకు తోచిన రూపమున ప్రకటించుచున్నంత కాలము ఒకదానితో నొకటి పోల్చి చూచుట దుస్సాధ్యము. 2023 మే నెలలో జపానులోని హిరోషిమా నగరమున సమావేశమైన జీ-7 దేశముల నాయకులు కృత్రిమ మేధపై ఉమ్మడి ప్రయత్నమును ఆరంభించి, అదే ఏడు అక్టోబరు 30న, ఉన్నత శక్తి గల వ్యవస్థలను నిర్మించు సంస్థల కొరకు 11 కర్తవ్యములు గల ఒక ప్రవర్తనా నియమావళిని ప్రకటించిరి. అది చట్టము కాదు. ఇచ్ఛ గలవారు స్వీకరింపవలసినది. స్వీకరించితిమని చెప్పినవారు నిజముగా ఏమి చేయుచున్నారో తెలియుట కొరకు, దేశముల ఆర్థిక సహకారమునకై ఏర్పడిన ఓఈసీడీ సంస్థ 2025 ఫిబ్రవరిలో ఒక ప్రశ్నావళిని విడుదల చేసెను. ఆ ఏప్రిల్ నెలలో తొలివిడత నివేదికలు వెలువడినవి. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్, ఫుజిత్సు, ఎన్‌ఈసీ, ఎన్‌టీటీ వంటి మహాసంస్థలతోపాటు చిన్నవియు కలిసి దాదాపు ఇరువది సంస్థలు సమాధానము లిచ్చెను.

ప్రశ్నావళి ఏడు భాగములు గలది: ముప్పులను గుర్తించుట, ముప్పులను అదుపు చేయుటయు సమాచార భద్రతయు, వ్యవస్థలను గూర్చిన బహిరంగ నివేదన, సంస్థ లోపలి పాలనయు దుర్ఘటనల నిర్వహణయు, యంత్రము సృష్టించిన వస్తువును గుర్తుపట్టు ముద్రలు, భద్రతా పరిశోధన, మానవాళి ప్రయోజనము. వీనిలో పాలనను గూర్చిన భాగము మన చర్చకు ముఖ్యము. ముప్పును నిర్ణయించువా రెవరు, వారి మాటను సంస్థలో ఎవరు వినవలెను, విడుదలను ఆపుటకు ఎవరికి అధికార మున్నది, హాని జరిగినప్పుడు ఎవరికి తెలుపుదురు, ఆ పాఠమును ఇతర సంస్థలతో పంచుకొందురా అనెడి ప్రశ్నలు సంస్థ ఆత్మపరీక్ష చేసికొనక తప్పని ప్రశ్నలు. సమాధానము వ్రాయుటకు కూర్చున్నప్పుడే ఇంజనీర్లు, న్యాయసలహాదారులు, వ్యాపారవిభాగమువారు ఒక బల్ల చుట్టు చేరి, తమ సంస్థలో ఈ బాధ్యత వాస్తవముగా ఎవరిదని ఒకరినొకరు ప్రశ్నించుకొనవలసి వచ్చును. బయటి పాఠకునకు చేరకమునుపే నివేదిక చేయు మేలు ఇది. స్వచ్ఛంద నివేదనను తేలికగా తీసివేయువారు దీనిని గమనింపరు.

అయినను ఈ ఏర్పాటునకు గల కొరతను దాచి ప్రయోజనము లేదు. నివేదికలలోని మాటలు సంస్థలు తమను గూర్చి తాము వ్రాసికొన్న మాటలు. వానిని లోపలికి వెళ్లి సరిచూచిన పరిశీలకుడు లేడు. ఒకే రూపము గల ప్రశ్నల వలన పోలిక సాధ్యమైనది గాని, నిజమును నిగ్గుతేల్చుట ఇంకను సాధ్యము కాలేదు.

స్వచ్ఛందత యొక్క హద్దులు

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి 2023 అక్టోబరులో ఒక పారదర్శకతా సూచికను రూపొందించిరి. నూరు ప్రశ్నలు, ఒక్కొక్క ప్రశ్నకు ప్రకటిత సమాచారము దొరకినచో ఒక మార్కు. ఆనాడు పరీక్షింపబడిన పది సంస్థల సగటు 37. ప్రథమస్థానమున నిలిచిన మెటా సంస్థకు సైతము 54 మాత్రమే. ఆరేడు నెలల పిమ్మట, 2024 మేలో, పదునాలుగు సంస్థల సగటు 58కి పెరిగెను. పరిశోధకులు ప్రశ్నలు పంపగా సంస్థలు మునుపు ప్రకటింపని విషయములను కొన్నింటిని ప్రకటించుటయే దానికి కారణము. చూచుచున్న కన్నున్నచో ప్రవర్తన మారునని దీనివలన రుజువైనది. కాని ప్రశ్నలను సవరించి 2025లో మరల లెక్కించినప్పుడు సగటు దాదాపు 40కి పడిపోయెను. స్వచ్ఛందముగా తెరచిన తలుపును స్వచ్ఛందముగా మూయవచ్చునని కూడ దీనివలన రుజువైనది.

ఏ విషయములలో సంస్థలు నోరు విప్పుచున్నవి, ఏ విషయములలో విప్పుట లేదు అనునది ఇంకను బోధప్రదము. యంత్రము ఏమి చేయగలదో చెప్పుటకు సంకోచము లేదు. నేర్పుటకు వాడిన సమాచారము ఎవరిది, దానిని శుభ్రపరచిన శ్రామికులకు కూలి ఎంత, విడుదలైన పిమ్మట ఎవరిపై ఏ ప్రభావము కలిగినది అను ప్రశ్నల వద్ద మౌనము దట్టమగును. అనగా, నివేదికలు యంత్రమును వర్ణించుచున్నవి. యంత్రము తాకిన మనుష్యులను వర్ణించుట లేదు.

తత్త్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీ వారి రీత్ ఉపన్యాసములలో ఈ విషయముపై ఒక సునిశితమైన విచారము చేసెను. విశ్వాసమును పెంచుటయే లక్ష్యమనుట పొరపాటని, అర్హులను విశ్వసించుటయు అనర్హులను విశ్వసింపకుండుటయు కావలసినవని, సమాచారమును గుప్పించినంత మాత్రమున వంచన తగ్గదని ఆమె వాదించెను. ఈ హితవు మన విషయమునకు అక్షరాల వర్తించును. పాఠకుడు అర్థము చేసికొని, సరిచూచుకొని, అవసరమైనచో ఇది తప్పని చెప్పుటకు వీలిచ్చెడి నివేదిక విశ్వాసమునకు పునాది. మూడువందల పుటల క్రింద ఒక్క అప్రియ సత్యమును పూడ్చిపెట్టెడి నివేదిక మౌనము కంటె హానికరము.

పత్రము లేనిచోట

ఇట్టి పత్రము అసలే లేనప్పుడు ఏమగునో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. తెలంగాణ రాష్ట్రమున ప్రభుత్వశాఖల వద్ద విడివిడిగా ఉన్న పౌరుల వివరములను ఒకచోట చేర్చి, పేర్లను చిరునామాలను పోల్చి, ఒకే మనిషికి చెందిన నమోదులను జతపరచి, సంక్షేమ పథకములకు ఎవరు అనర్హులో సూచించెడి ‘సమగ్ర వేదిక’ అను వ్యవస్థను ప్రభుత్వము కొన్నియేండ్లుగా వాడుచున్నది. కారున్నవానికి రేషను కార్డు ఇయ్యరాదన్న నియమము న్యాయమే కావచ్చును. కాని మన పేర్ల విషయము మనకు తెలియనిది కాదు; ఒకే పేరు గలవారు ఒక వీధిలోనే నలుగురుందురు; ఒకే పేరును ఒక కార్యాలయమున ఒక విధముగా, మరియొక కార్యాలయమున మరియొక విధముగా ఆంగ్లాక్షరములలో వ్రాయుదురు. హైదరాబాదులో ఒక నిరుపేద వితంతువు భర్తను, అతని పేరును పోలిన పేరు గల కారు యజమాని యొకనిగా వ్యవస్థ పొరబడుటచేత, ఆమెకు సబ్సిడీ బియ్యము లేకపోయెను. తనకు కార్డు ఎందుకు రాలేదో ఆమెకు ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవారికిని యంత్రము చెప్పినదే తెలియును.

ఆ రాష్ట్రమున రద్దైన రేషను కార్డులలో దాదాపు 19 లక్షలను క్షేత్రస్థాయిలో పునర్విచారింపవలెనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించెను. అప్పుడు వచ్చిన 4,91,899 అర్జీలలో ఆ ఏడు జూలై నాటికి విచారించినవి 2,05,734. వానిలో 15,471 కుటుంబములు అర్హములని తేలెను. అనగా, విచారించినంత మేర నూటికి ఏడున్నర కుటుంబములకు అన్యాయము జరిగినది. ఈ సంఖ్య న్యాయస్థానము చెప్పినమీదట, పాత్రికేయులు తవ్వినమీదట లోకమునకు తెలిసినది. కార్డులను రద్దు చేయకమునుపే ఒక్క పుట పత్రమును వెలువరించియున్నచో, అందు ఏయే జాబితాలను పోల్చుచున్నామో, పేర్లు ఎంతవరకు కలిసిన ఒకే మనిషిగా ఎంచుచున్నామో, వేయిమందిపై పరీక్షించినప్పుడు ఎందరి విషయమున పొరబడితిమో, పొరబడినచో ఎవరి వద్దకు పోవలెనో తెలుగులోను ఉర్దూలోను వ్రాసి రేషను దుకాణపు గోడకు అంటించియున్నచో, ఆ దోషమును మొదటి నెలలోనే ఆ వాడవారే పట్టియుందురు. ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ నగరములు 2020 సెప్టెంబరులోనే తమ పురపాలక సంఘములు వాడు కృత్రిమ మేధా వ్యవస్థల జాబితాను పౌరులందరు చదువుకొనునట్లు బహిరంగముగా ఉంచినవి. చేయదలచినవారికి ఇది కష్టసాధ్యము కాదనుటకు ఆ నగరములే నిదర్శనము.

మన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2025 నవంబరులో వెలువరించిన కృత్రిమ మేధా పాలన మార్గదర్శకములు, ఏడు సూత్రములలో విశ్వాసమును మొదటిదానిగా నిలిపి, భారతీయ పరిస్థితులలో వ్యక్తులకును సమాజమునకును కలుగగల హానిని అంచనా వేయు పారదర్శకతా నివేదికలను సంస్థలు స్వచ్ఛందముగా ప్రకటింపవలెనని సూచించుచున్నవి. ‘భారతీయ పరిస్థితులలో’ అన్న మాట గమనింపదగినది. కాలిఫోర్నియాలో ఆంగ్లముపై పరీక్షించి వ్రాసిన నివేదిక, తెలుగులో ఔషధముల మోతాదు అడిగిన తల్లికి ఆ యంత్రము ఎట్టి సమాధాన మిచ్చునో చెప్పజాలదు. తెలుగుభాష విషయమున తప్పులెన్నియో వేరుగా లెక్కించి చూపవలెనని మన పాఠకులు, మన ప్రభుత్వములు సంస్థలను అడుగవలెను. ముఖముల పరీక్షలో సగటును విడదీసిన నాడే సత్యము కనబడినది గదా.

విశ్వసనీయమైన నివేదికకు లక్షణములు

పై వృత్తాంతముల నన్నింటిని కలిపి చూచినచో, విశ్వాసమునకు పాత్రమగు నివేదికను గుర్తుపట్టుటకు కొన్ని లక్షణములు తేలుచున్నవి. అందు సంస్థకు ప్రతికూలమైన విషయము కొంతయైనను ఉండవలెను. దోషరహితముగా కనబడు నివేదిక వ్రాసినవారి జాగరూకతను గాక వారి భయమును తెలుపును. తప్పుల సంఖ్యతోపాటు ఎన్నింటిలో అన్ని తప్పులో, ఎవరి విషయమున ఎన్నియో చెప్పవలెను. పోయిన ఏడు ఇచ్చిన మాట ఏమైనదో ఈ ఏడు చెప్పవలెను; రూపము మార్చి పోలికకు అందకుండ చేయరాదు. సంస్థతో సంబంధము లేని పరిశీలకునకు సరిచూచు అవకాశ మీయవలెను. వ్యాపార రహస్యమున్నచో దానిని బహిరంగపరుపక నియంత్రణాధికారికి మాత్రమే చూపు మార్గ మెట్లును కలదు. హాని పొందినవాడు ఎక్కడ మొరపెట్టుకొనవలెనో, ఎన్ని దినములలో సమాధానము దొరకునో స్పష్టముగా ఉండవలెను. లోపమును మొదట గుర్తించు ఉద్యోగికి, దానిని పైకి చెప్పినందుకు ఉద్యోగము పోదన్న అభయము ఉండవలెను. సంస్థ లోపల నోరు మూయించినచో, సంస్థ బయటకు తెరచు పత్రమున వ్రాయుటకు సత్యమే మిగులదు.

ఇన్ని లక్షణములను స్వచ్ఛందతకే వదలివేయవలెనా, చట్టము చేయవలెనా అను ప్రశ్నకు చరిత్రలో సమాధానము కలదు. మన దేశమున వ్యాపార సంస్థల సామాజిక బాధ్యతను గూర్చి 2009లోను, 2011లోను కేంద్రము స్వచ్ఛంద మార్గదర్శకములు ప్రకటించెను; 2012లో స్టాక్ విపణి నియంత్రణ సంస్థయగు సెబీ, విలువలో తొలి నూరు లిస్టెడ్ కంపెనీలకు ఈ బాధ్యతను గూర్చిన నివేదికను విధించెను; 2022-23 నుండి తొలి వేయి కంపెనీలకు మరింత వివరమైన నివేదిక తప్పనిసరి అయ్యెను. కృత్రిమ మేధ విషయమున కాలిఫోర్నియా రాష్ట్రము 2025 సెప్టెంబరులో, అత్యున్నత నమూనాలను నిర్మించు పెద్దసంస్థలు భద్రతా ప్రణాళికలను, పారదర్శకతా నివేదికలను ప్రకటింపవలెనని చట్టము చేసెను. అంతవరకు ఆ సంస్థలలో కొన్ని స్వచ్ఛందముగా చేయుచున్న పనియే చట్టమునకు నమూనా అయినది. ఏది అడుగవలెనో, ఏది సాధ్యమో, ఏ ప్రశ్నకు ఊకదంపుడు సమాధానము వచ్చునో స్వచ్ఛంద దశలోనే తెలియును. ఆ అనుభవము లేకయే చేసిన చట్టము కాగితములను పెంచును గాని వెలుగును పెంచదు. అట్లే, ఎన్నటికిని చట్టముగా మారని స్వచ్ఛందత మంచివారిపై భారమై, చెడ్డవారికి సౌకర్యమగును. కనుక నేడు స్వచ్ఛందముగా నివేదించుచున్న సంస్థ, రేపటి చట్టమును తన ప్రవర్తనతో వ్రాయుచున్నదని చెప్పవచ్చును. ఆ వ్రాత నిజాయితీగా ఉండునట్లు చూచుట పాఠకుల చేతిలో ఉన్నది. ఒక బ్యాంకు, ఒక ఆసుపత్రి, ఒక ప్రభుత్వ కార్యాలయము యంత్రము చేత మనపై తీర్పు చెప్పించినప్పుడు, దాని నివేదిక ఎక్కడ ఉన్నదని, మావంటివారి విషయమున అది ఎన్నిమార్లు తప్పినదని, ఆ తప్పును సరిదిద్దు అధికారి ఎవరని మనలో ప్రతియొకరు అడుగుట అలవాటైన నాడు, అడుగకముందే చెప్పు సంస్థకు గౌరవమును, దాచిపెట్టు సంస్థకు నష్టమును కలుగును. స్వచ్ఛంద నివేదన అప్పుడే తన పేరునకు తగిన విలువను పొందును.